తాళం వేసిన సొరుగులో తొమ్మిది యాభై ఎనిమిది

"తప్పు నాదే సార్. రాసేసుకోండి."

డాక్టరమ్మ ఈ మాట అనడం ఇది మూడోసారి. టైము మధ్యాహ్నం రెండు నలభై. విచారణాధికారి ముందు రిపోర్టు, రిపోర్టు మీద పెన్ను, పెన్ను కింద ఖాళీ గీత. ఆ గీత మీద సంతకం పడితే నాలుగింటికల్లా కాగితం కౌన్సిల్ ఆఫీసులో ఉంటుంది. డాక్టరమ్మ లైసెన్సు పోతుంది. ప్రాక్టీసు పెట్టి పట్టుమని రెండేళ్లు కాలేదు!

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని పిన్ని లోపలికి వచ్చింది.

పిన్ని అంటే డిటెక్టివ్ పిన్ని. అందరికీ పిన్నే. ఆమె పట్టించిన దొంగలు కూడా జైలు నుంచి ఉత్తరం రాస్తే "పిన్నిగారికి నమస్కారాలు" అనే మొదలుపెడతారు. ఒక్క మనిషి మాత్రం ఆమెను పిన్నీ అనడు. ఆ మనిషి ఇప్పుడు పెన్ను పట్టుకుని కూర్చున్న విచారణాధికారి. స్వయానా ఆమె అక్క మొగుడు.

"రా మరదలా! కేసు తేలిగ్గా తెమిలిపోతోందే, ఏదో లోటుగా ఉందే అనుకుంటున్నా. ఆ లోటు నువ్వన్నమాట."

"నర్సు ఫోన్ చేసింది బావా. ఏం జరిగిందో చెప్పు."

"చెప్పడానికేముంది? ఒక పిల్లి. పేరు జమీందారు. పాడైన పన్ను పీకడానికి మత్తు ఇవ్వాలి. సిరంజిలో పాయింట్ నాలుగు మిల్లీలీటర్లు ఉండాల్సింది, రెండు మిల్లీలీటర్లు ఇచ్చింది. అంటే అయిదింతలు. పిల్లిగారి యజమాని టైలరు. పదకొండున్నరకి ఫిర్యాదు రాశాడు. డాక్టరు ఒప్పుకుంది. కథ కంచికి."

"పిల్లి?"

"బతికే ఉంది. విరుగుడు ఇచ్చారు. ఇంకా లేవలేదు."

పిన్ని డాక్టరమ్మ వైపు చూసింది. పాతికేళ్లు దాటి ఒకటి రెండేళ్లు ఉంటాయేమో. కళ్లు వాచి ఉన్నాయి. కానీ గడ్డం మాత్రం మొండిగా పైకే ఉంది.

"బావా, తప్పు చేసినవాళ్లు మొదట 'నేను కాదు' అంటారు. చెయ్యనివాళ్లూ 'నేను కాదు' అనే అంటారు. అడక్కముందే మూడుసార్లు 'నేనే, నేనే, నేనే' అనేవాళ్లు ఎవరినో వీపు వెనకాల దాచుకుని నిలబడ్డట్టు లెక్క."

డాక్టరమ్మ గడ్డం కొంచెం కిందకి దిగింది. పిన్ని అది చూసింది. బావ చూడలేదు.

"నేను వెళ్లి జమీందారు దగ్గర కూర్చుంటాను," అంటూ డాక్టరమ్మ పక్క గదిలోకి వెళ్లిపోయింది.

"మూడున్నరకి సంతకం పెడతా," అన్నాడు బావ వాచీ చూసుకుంటూ. "అది కూడా మీ అక్క మొహం చూసి."

"అక్క మొహం చూసే అయితే ఇంకో పావుగంట కలుపు."

"కలపను."

* * *

నర్సు యాభై దాటిన మనిషి. ఈ క్లినిక్కు పునాది రాయి లాంటిది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా చేసుకుంది. అయినా పిన్ని ప్రశ్న అడగడం ఆలస్యం, సైనికుడిలా నిలబడింది.

"ఎన్నింటికి తెరిచారు?"

"పది అయిదుకి. తాళం నేనే తీశాను."

"పిల్లి?"

"పదింపావుకి వచ్చింది. పది ఇరవై అయిదుకి తూకం. బుట్టతో కలిపి తూచాం, ఖాళీ బుట్ట తూచి తీసేశాం. సరిగ్గా నాలుగు కిలోలు. పది నలభైకి ఫోన్లో మోతాదు చూశాను. పది నలభై రెండుకి ఇంజెక్షన్. పది యాభైకి ఊపిరి నెమ్మదించింది. పది యాభై ఒకటికి విరుగుడు."

"ఆగండి. ఫోన్లో మోతాదు మీరు చూశారా? డాక్టరమ్మ కాదా?"

"మా పద్ధతి అదే పిన్నిగారూ. డాక్టరమ్మ గ్లౌజులు వేసుకున్నాక దేన్నీ ముట్టుకోదు. ఈ ఫోన్లో పశువుల డాక్టర్ల మందుల గైడ్ ఉంటుంది. జంతువు, బరువు, మందు పేరు కొడితే ఎంత లాగాలో చెప్తుంది. నేను పైకి చదువుతాను. ఆవిడ తిరిగి చెప్తుంది. రెండూ కలిస్తేనే సిరంజి సీసాలో పడుతుంది. పొద్దున్న నేను 'రెండు' అన్నాను. ఆవిడా 'రెండు' అంది."

"రెండు ఎక్కువని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదా?"

నర్సు కళ్లల్లో మళ్లీ నీళ్లు తిరిగాయి. "పాత మందు అయితే తట్టేది. చేతికి అలవాటు కదా. ఇది మా క్లినిక్కుకి కొత్త మందు, నిన్ననే వచ్చింది, పొద్దున్నే మూత తీశాం. చేతికి గుర్తు లేనప్పుడు ఫోన్నే కదండీ నమ్ముతాం?"

"పిల్లికి ఎలుక సాక్ష్యం!" గుమ్మంలోంచి బావ గొంతు వినిపించింది. "డాక్టరు కోసం నర్సు, నర్సు కోసం ఫోను."

"ఎలుక చెప్పేది కూడా ఓసారి విను బావా. పిల్లి గురించి దానికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు."

* * *

చికిత్స గది చిన్నది. మధ్యలో స్టీలు బల్ల, మూలన తూకం మెషిను, గోడకి అరలు, అరల కింద ఒక చెక్క సొరుగు. పిన్ని గబగబా ఒక్కటొక్కటీ చూసుకుంటూ వచ్చింది. తూకం మెషిను మీద ఒక కిలో సెలైన్ సంచి పెట్టింది. సరిగ్గా కిలో చూపించింది. చెత్తడబ్బాలో సిరంజి ఒక్కటే. సీసా ఒక్కటే. లేబులు చెక్కుచెదరలేదు: మిల్లీలీటరుకి పది మిల్లీగ్రాములు.

తర్వాత ఫోను. మందుల గైడ్ తెరిచింది. లెక్కల చరిత్ర అని ఒక పేజీ ఉంది. పైనే ఉంది ఉదయం లెక్క:

పది నలభై. పిల్లి. నాలుగు కిలోలు. మందు: నాలుగు మిల్లీగ్రాములు. లాగాల్సింది: రెండు మిల్లీలీటర్లు.

పిన్ని దాన్ని మూడుసార్లు చదివింది. నాలుగోసారి చదువుతూ ఆగిపోయింది.

"బావా! ఇలా రా! మిల్లీగ్రాములు సరిగ్గానే ఉన్నాయి చూడు!"

"అయితే?"

"నాలుగు కిలోల పిల్లికి నాలుగు మిల్లీగ్రాములు. అది సరైన మోతాదే. ఈ సీసాలో ఒక మిల్లీలీటరుకి పది ఉన్నాయి. నాలుగు కావాలంటే పాయింట్ నాలుగు లాగాలి. ఫోను రెండు లాగమంది. ఎందుకు? సీసా అయిదింతలు పలచగా ఉందని అనుకుంటోంది గనక! కప్పులో ఎంత చక్కెర వెయ్యాలో దానికి బాగానే తెలుసు. చెంచా సైజే ఎవరో మార్చేశారు."

పిన్ని వేళ్లు తెర మీద పరుగెత్తాయి. సెట్టింగులు. నా సీసాలు. ఆ మందు. బలం: మిల్లీలీటరుకి రెండు. దాని కింద చిన్న అక్షరాలు. చివరిసారి మార్చిన సమయం: ఈరోజు, ఉదయం తొమ్మిది యాభై ఎనిమిది.

"నర్సమ్మా! రాత్రి ఈ ఫోను ఎక్కడుంటుంది?"

"ఈ సొరుగులోనే. ఛార్జింగు పెట్టి తాళం వేస్తాను. తాళంచెవి నా మెడలోనే ఉంటుంది. స్నానం చేసినా తియ్యను."

"క్లినిక్కు తెరిచింది పది అయిదుకి కదూ?"

"అవును. ఎదురు షాపు ముసలాయన్ని అడగండి, నేను తెరవగానే గడియారం సరిచేసుకుంటాడు."

తాళం వేసిన గది. అందులో తాళం వేసిన సొరుగు. అందులో ఫోను. ఆ ఫోనులో అంకె మారింది, మనిషి లోపలికి రావడానికి ఏడు నిమిషాల ముందు!

బావ గొంతు సవరించుకున్నాడు. "నువ్వు చెప్పే చెంచా కథ నిజమో కాదో ఎలా తెలుస్తుంది? ఇంకేదో కారణంతో రెండు అందేమో. రుజువు చెయ్యి."

"చూస్తూ ఉండు." పిన్ని రెండు తీసేసి పది కొట్టింది. సేవ్ నొక్కింది. పిల్లి, నాలుగు కిలోలు. ఫోను వెంటనే చెప్పింది: పాయింట్ నాలుగు.

"చూశావా!"

"చూశాను!" బావ ఎగిరి దూకినంత పని చేశాడు. "సాక్ష్యం మార్చేశావ్! నా కళ్లముందే! కోడలు కొట్టినా ఊరుకుంటాను గానీ కేసు చెడగొడితే ఊరుకోను, ఇవ్వు ఇటు!" ఫోను లాక్కుని పారదర్శకమైన సంచిలో పడేసి జిప్పు లాగాడు. "ఇక ఇది నా చేతిలోంచి కదలదు."

"లాక్కునే ముందు నోట్స్ పేజీ ఒక్కసారి చూశాను బావా. నాకు అది చాలు."

"నీకు చాలేమో, నాకు చాలదు. కంపెనీవాళ్లకి ఫోన్ చేసి ఈ ఖాతాలోకి ఎవరెవరు వచ్చారో కనుక్కుంటా." బావ సంచీ పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయాడు. అంత విసురుగా వెళ్తూ కూడా వెనక్కి తిరిగి, "పొద్దుటినుంచి ఏమైనా తిన్నావా లేదా?" అని అడిగాడు.

"తిన్నా."

"అబద్ధం," అని తలుపు వేసుకున్నాడు.

* * *

పక్క గదిలో జమీందారు దుప్పట్లో చుట్టుకుని ఉన్నాడు. రెండు పక్కలా వేడినీళ్ల సంచులు. టైలరు నేలమీద కూర్చుని, మెడలో టేపుతో సహా వంగి, పిల్లి పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెడుతున్నాడు. డాక్టరమ్మ దాని కళ్లలో చుక్కలు వేస్తోంది.

"నిమిషానికి పద్దెనిమిది," అన్నాడు టైలరు ఎవరితోనూ కాకుండా. "ఇందాక పదకొండు." తర్వాత చిన్న గొంతుతో, "కోపంలో రాసేశానమ్మా. నాలుగు గంటలుగా నువ్వు నీళ్లు కూడా తాగలేదు. నాకేం తెలుసు?"

"మీరు రాసింది న్యాయమే," అంది డాక్టరమ్మ.

"కాసేపు బయట కూర్చోండి," అని పిన్ని అతన్ని మెల్లగా పంపించింది. తలుపు మూసింది. స్టూలు లాక్కుని డాక్టరమ్మకి ఎదురుగా కూర్చుంది.

"ఆ మందుకి కింద ఒక నోటు ఉంది. చదవనా? 'అమ్మడూ ఇది వేశాక కళ్లు మూసుకోవు ఎండిపోతాయి చుక్కలు వెయ్యడం మర్చిపోకు.' కామా లేదు, ఫుల్‌స్టాపు లేదు. దాని కింద ఇంకోటి: 'సరే నాన్నా. మీరు కూడా కళ్లజోడు పెట్టుకుని చదవండి.' ఫోను తనని తాను అమ్మడూ అని పిలుచుకోదు కదా తల్లీ?"

డాక్టరమ్మ చేతిలో చుక్కల సీసా ఆగిపోయింది.

"ఒకే ఖాతా," అంది పిన్ని. "రెండు ఫోన్లు. ఇక్కడొకటి, నాన్న జేబులో ఒకటి. అక్కడ మార్చితే ఇక్కడ మారుతుంది, సొరుగుకి తాళం ఉన్నా సరే. అవునా?"

డాక్టరమ్మ ఆ సీసాకి మూత పెట్టింది. "ఆయనకి పాస్‌వర్డులు గుర్తుండవు పిన్నీ. అందుకే నాదే ఇచ్చాను. తర్వాత వేరే పెట్టిస్తానంటే వద్దన్నాడు. నేను రాసుకునే నోట్సు చదువుకోవడం ఆయనకి ఇష్టం. నలభై ఏళ్లు ఆవులకీ ఎద్దులకీ వైద్యం చేసిన మనిషి, నా పిల్లుల నోట్సు చదివి 'ఇది నాకు తెలియదే అమ్మడూ' అంటాడు. ఆ ఒక్క మాట కోసం నేను కావాలని ఎక్కువ రాసేదాన్ని."

"మరి సీసా బలం ఎందుకు మార్చాడు?"

డాక్టరమ్మ తలుపు వైపు చూసింది. మూసే ఉంది. అయినా గొంతు బాగా తగ్గించింది.

"నాన్న చెయ్యి వణుకుతోంది. నెల రోజులుగా చూస్తున్నా. కొంచెం మందు లాగాలంటే సిరంజి గీత దగ్గర ఆపలేడు. పొద్దున్న వంటింట్లో నిలబడి మందులో సెలైన్ కలుపుతున్నాడు. అయిదింతలు పలచన చేస్తే ఎక్కువ లాగొచ్చు, ఒక గీత అటూ ఇటూ అయినా పశువుకి ప్రమాదం ఉండదు. తెలివైన ఆలోచనే. నేను చూడనట్టు వచ్చేశాను. చూశానంటే ఆయన తట్టుకోలేడు." ముక్కు తుడుచుకుంది. "ఫోన్లో కూడా ఆ సీసా ఎక్కించుంటాడని నాకు తట్టలేదు. జమీందారు వాలిపోయాకే తట్టింది. ఇప్పుడు చెప్తే ఏమవుతుంది? 'చేతులు వణికే డాక్టరు' అని ఆయన లైసెన్సు తీసేస్తారు. పశువులు లేకపోతే మా నాన్న నెల కూడా బతకడు. నాకైతే ఏదో ఒకరోజు మళ్లీ వస్తుంది."

పిన్ని ఆ పిల్ల తల నిమిరింది. డిటెక్టివ్‌లు చెయ్యాల్సిన పని కాదది. అయినా నిమిరింది.

"పిచ్చిదానా. ఇందులో నీ తప్పెంత, ఆయన తప్పెంత, అన్నీ విప్పి చూపించొచ్చు. రుజువు కూడా అయిపోయింది. ఇందాక నేనే బలం పదికి మార్చి చూశాను, టక్కున పాయింట్ నాలుగు వచ్చింది."

డాక్టరమ్మ పిన్ని చెయ్యి పట్టుకుని ఆపింది.

"మార్చారా? సేవ్ చేశారా?"

"చేశాను. ఏం?"

"టైమెంత అప్పుడు?"

"రెండు యాభై అయిదు."

"పిన్నీ!" స్టూలు ఎగిరి పడింది. "పొద్దుటినుంచి నేను ఆ సెట్టింగు ఎందుకు ముట్టుకోలేదనుకున్నారు! మూడింటికి నాన్న ఫారంలో ఆంబోతు గిట్ట కొయ్యాలి! ఆయన జేబులో పలచన సీసా ఉంది, ఫోన్లో ఇప్పుడు పది అని ఉంది! పది మిల్లీలీటర్లు వెయ్యాల్సినచోట రెండే వేస్తాడు! చిక్కటి మందుకి నలభై ఏళ్లుగా రెండే వేశాడు, ఆ అంకె చూస్తే అనుమానం కూడా రాదు!"

ముప్పై ఏళ్ల వృత్తిలో పిన్ని ఇంత సరిగ్గా రుజువు చేసింది లేదు. ఇంత సరిగ్గా ప్రమాదం తెచ్చిపెట్టిందీ లేదు.

"తక్కువైతే ఎద్దు పడుకోదు, అంతేగా?"

"తల వాలుస్తుంది. మత్తెక్కినట్టే నిలబడుతుంది. కత్తి తగిలిన క్షణంలో తన్నుతుంది. నాన్న వెనక కాళ్ల దగ్గరే కూర్చుంటాడు. ఇంజెక్షన్ వేసి పావుగంట ఆగుతాడు, ఆ తర్వాత కత్తి పడతాడు."

గోడ గడియారంలో మూడు పద్నాలుగు.

* * *

ఫోన్ చేశారు. కలవలేదు. "పశువు బెదురుతుందని కాల్స్ రాకుండా కట్టేస్తాడు," అంది డాక్టరమ్మ. నర్సు రిజిస్టరు తిప్పి ఫారం నంబరు పట్టుకుంది. మోగుతోంది, మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.

"కానీ గైడ్ తెరిచే ఉంచుతాడు! బకెట్టు బోర్లించి దానిమీద ఫోను నిలబెడతాడు, మందు పేజీ కళ్లెదురుగా ఉండాలి ఆయనకి! నోటు రాస్తే పైన పసుపు పట్టీ వస్తుంది! ఫోను, ఫోను ఏదీ?"

బావ చేతిలో. సంచిలో. అప్పుడే లోపలికి వస్తున్నాడు.

"కంపెనీవాళ్లు రెండు ఫోన్లు అంటున్నారు, రెండోది..."

"సార్, అది ఇవ్వండి! మా నాన్న ఆంబోతు కాళ్ల దగ్గర ఉన్నాడు!"

"సాక్ష్యం ఇవ్వను."

"బావా," అంది పిన్ని. అంతే. ఇంకేమీ అనలేదు. అక్క పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆమె అతన్ని ఆ గొంతుతో పిలవడం అదే మొదటిసారి.

బావ సంచి వైపు చూశాడు, డాక్టరమ్మ వైపు చూశాడు. సంచి పైనుంచే తెర మీద బొటనవేలు పెట్టాడు. "ఇవ్వను. నేనే కొడతా. త్వరగా చెప్పు."

"ఆ మందు పేజీ. నోట్స్. రాయండి: నాన్నా, వెనక్కి జరుగు."

"నాన్నా... వెనక్కి... ఈ ప్లాస్టిక్కు ఒకటి... జరుగు. తర్వాత?"

డాక్టరమ్మ నోరు తెరిచింది, ఆగిపోయింది. వెనక్కి జరుగు అంటే చాలదు. ఎందుకు అంటాడు, నవ్వుతాడు, ఇంకో గీత కోస్తాడు. నమ్మాలంటే అసలు మాట చెప్పాలి. అసలు మాట చెప్పాలంటే ఈ మనిషి వేళ్ల మీదుగానే వెళ్లాలి.

మూడు పదిహేను.

"రాయండి," అంది. "నీ పలచన సీసాకి రెండు చాలదు. పది కావాలి. అది మత్తులో లేదు."

బావ బొటనవేలు ఒక్క అర క్షణం తటపటాయించింది. "పలచన సీసా ఏమిటి?"

"కొట్టండి సార్!"

కొట్టాడు. సేవ్ నొక్కాడు. నలుగురూ ఆ సంచి మీదకి వంగారు. నర్సు మెడలోని తాళంచెవిని గుప్పిట్లో బిగించి పట్టుకుంది. మూడు పదహారు. ఏమీ లేదు. మూడు పదిహేడు. డాక్టరమ్మ గోళ్లు పిన్ని మణికట్టులో దిగబడ్డాయి, పిన్ని చెయ్యి తీసుకోలేదు. వరండాలోంచి టైలరు లోపలికి తొంగిచూసి, ఏం జరుగుతోందో తెలియకపోయినా మెడలో టేపు తీసి చేతిలో పట్టుకున్నాడు.

మూడు పద్దెనిమిది.

తెర పైన పసుపు పట్టీ వెలిగింది.

సంచి బావ చేతిలోనే ఉంది కాబట్టి బావే పైకి చదివాడు. గబగబా, ఊపిరి తిప్పుకోకుండా, సొంత మనిషి కబురు చదివినట్టు:

"'జరిగాను అమ్మడూ జరిగీ జరగ్గానే తన్నింది బకెట్టు సొట్టపోయింది ఫోను గడ్డిలో పడింది నేను బాగానే ఉన్నాను...'"

నర్సు ఘొల్లున ఏడ్చేసింది. టైలరు ఆమె భుజం తట్టాడు. డాక్టరమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియదు. బావ కూడా నవ్వుతూనే మిగతాది అందుకున్నాడు. ఒక్కో మాటకీ అతని గొంతు నెమ్మదించింది.

"'...సీసా పలచన చేశానని నీకెలా తెలుసు అయితే నా చెయ్యి కూడా చూసేశావన్నమాట... ఎవరికీ చెప్పకు తల్లీ.'"



బావ సంచీని మెల్లగా బల్ల మీద పెట్టాడు. డాక్టరమ్మ పేరున్న రిపోర్టు కాగితాన్ని సగానికి మడిచి పక్కకి జరిపాడు. కింద ఉన్న తెల్ల కాగితం మీద తేదీ వేశాడు, టైము వేశాడు. పెన్ను అక్కడే ఆపి తలెత్తాడు. అతను చూసింది డాక్టరమ్మ వైపు కాదు, పిన్ని వైపు.

"మరదలా," అన్నాడు, ఎంతో మెత్తగా. "ఏ చెయ్యి? ఏమైంది దానికి?"